మస్తాన్ సాబ్ కొట్టేయించిన రూలు

2018లో మదనపల్లె టమోటా మార్కెట్‌కు వెళ్లే దారిలో, ఒక మేడమీది గదిలో బోర్డ్ గేములు తయారు చేసేవాణ్ణి. "సదువుకున్నోడు గవ్వలాడుకుంటాండాడు" అని వీధిలో నవ్వేవాళ్లు. నాకూ పొగరు తక్కువేం కాదు. ఆటల సంగతి నాకన్నా తెలిసినవాడు చుట్టుపక్కల లేడనుకునేవాణ్ణి.

ఆ పొగరు దించినవాడు పుంగనూరు దర్జీ మస్తాన్ సాబ్. చిన్నప్పుడు సెలవులకు మా అత్తవాళ్లింటికి వెళ్లినప్పుడు ఆయన అంగడిలోనే పులిమేక ఆట నేర్చుకున్నాను. బట్టలు కత్తిరించే బల్లమీద సుద్దతో గీతలు గీసేవాడు. పులులకు ఖాళీ దారపు రీళ్లు, మేకలకు చొక్కా గుండీలు. ఆడేది ఇద్దరే, చుట్టూ చేరి ఎత్తులు చెప్పేది పదిమంది. ఆ గోల తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఆ 2018లోనే ఆయన కూతురు షమీమ్ నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"పక్షవాతమొచ్చి అబ్బాకి కుడిచెయ్యి పడిపోయిందన్నా. గుండీలు జారిపోతాండాయని ఆట మానేసినాడు. గది ఇడిసి బయటికే రాడు. మళ్లా నలుగురిలో కూసునేట్టు ఏమన్నా చెయ్యి" అంది.

నెల్లాళ్లు కూర్చుని పెద్ద పావులు, అవి జారకుండా గుంటలున్న బోర్డు, నలుగురాడే పులిమేక తయారుచేశాను. ప్లేటెస్ట్‌కు పుంగనూరు వెళ్లాను. ప్లేటెస్ట్ అంటే, పూర్తికాని ఆటను వేరేవాళ్లచేత ఆడిస్తూ మనం నోరు మూసుకుని చూడటం. షమీమ్ బతిమాలి తండ్రిని అంగడిలోకి తెచ్చింది; వాళ్లిద్దరూ, ఆమె భర్త, వీధి కుర్రాడొకడు ఆటకు కూర్చున్నారు. నేను నోరు మూసుకోలేదు. చూడ్డానికొచ్చిన పక్కింటాయన ఎత్తు చెప్పబోతే, "చూసేవాళ్లు మాట్లాడకూడదు, రూలు" అన్నాను. అంగడంతా చప్పబడింది. షమీమ్ ఒక్కతే పట్టుదలగా ఆడుతోంది, ఆమె భర్త ఫోను తీశాడు. రెండు ఎత్తులకే మస్తాన్ సాబ్ లేచాడు.

"పావులు బాగలేవా సాబ్?"

"పావులు బాగుండాయప్పా. సెయ్యి పోయినా నాకు నోరుండాది. దాన్ని గూడా నువ్వు కట్టేస్తే ఈడ నేను యాల కూసోవాల?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రూలు అక్కడికక్కడే కొట్టేశాను. ఆయన తన పావులు పక్కింటాయనకు ఇచ్చేసి, అల్లుడి వెనక కుర్చీ వేసుకున్నాడు. కాసేపటికి, "ఆ మేకను కదిలిచ్చొద్దు, పులి సూస్తాండాది" అన్నాడు. అల్లుడు ఫోను జేబులో పెట్టేశాడు. వీధిలో పోయేవాళ్లు ఒక్కొక్కరే లోపలికొచ్చారు. షమీమ్ కళ్లు తుడుచుకుంటూ ఓడిపోయింది.

గెలవడానికి వచ్చేవాళ్లుంటారు, కబుర్లకు వచ్చేవాళ్లుంటారు, ఎత్తు చెప్పడానికే వచ్చేవాళ్లూ ఉంటారు. ఆ మూడోవాళ్లను ఎరిగి ఉండీ నేనే తరిమేశాను. తర్వాత ఆ ఆటలో ప్రతి ఆటగాడి వెనకా కుర్చీ వేసి ఒక పక్కమనిషిని పెట్టాను. పావు ముట్టడు, ఎత్తు చెబుతాడు, గెలిస్తే గెలుపు అతనిదీ.

మస్తాన్ సాబ్ ఇప్పుడు లేడు. పోయిన నెల కుప్పంలో ఒక బడిలో ఆ ఆట పరిచాను. పావుల కోసం పిల్లలెవరూ కొట్లాడుకోలేదు. వెనక కుర్చీల కోసం కొట్లాడుకున్నారు.