వెనక జాగకు బాట

రెండు బందుల నడుమ ఒక్క పనిదినం దొరికింది. తెలంగాణ కోసం ఊరూరా రోడ్డెక్కుతున్న కాలమది. కోరుట్లలో అన్నదమ్ములు తమ ఇంటి స్థలాన్ని రెండుగా చేసుకుంటామని దరఖాస్తు పెట్టుకున్నారు. చూసి రమ్మని మా ప్లానింగ్ ఆఫీసు నన్ను పంపింది. పొద్దున్నే ఆరింటికి కరీంనగర్‌లో జగిత్యాల బస్సెక్కాను.

కొండగట్టు అంజన్న గుడి దగ్గర సగం బస్సు దిగిపోయింది. కిటికీ సీటు కావాలనుకునేవాళ్ళు అందాకా ఓపిక పట్టాలి. నా పక్కనున్న ముసలాయనకు మెట్టు దిగడమే గండంగా ఉంది. అయినా, "రాష్ట్రం అస్తే మా ఊరికెళ్ళి నడుసుకుంట అస్తనని మొక్కిన సార్" అని నవ్వుతూ దిగాడు.

జగిత్యాల బస్టాండు ఎదుట పూరీ తిన్నాను. ఉర్దూ, తెలుగు ఒకే ఊపిరిలో మాట్లాడే పండ్ల బండాయన దగ్గర జామకాయలు కొనుక్కుని కోరుట్ల బస్సు పట్టుకున్నాను.

కోరుట్లలో ఆ ఇంటి సగం మట్టిగోడ కిందటి వానలకే కూలింది. దాని మీద టార్పాలిన్ కప్పుకుని పెద్దవాడి భార్య లచ్చవ్వ ఇద్దరు పిల్లలతో ఉంటోంది. ఒళ్ళో చేట, వేళ్ళు బీడీలు చుడుతూనే ఉన్నాయి. భర్త దుబాయిలో ఉన్నాడు. అక్కడినుంచే ఫోన్‌లో స్థలాన్ని ముందర ఒక ముక్క, వెనక ఒక ముక్కగా పంచాడు. పెద్దవాడు పంచితే చిన్నవాడు ముందుగా కోరుకోవాలి. అది అక్కడి ఆనవాయితీ.

టేపు పట్టి చూస్తే వెనక ముక్కకు మూడు వైపులా పక్కవాళ్ళ గోడలే. దుబాయిలో కూర్చుని పంచిన మనిషికి బాట సంగతి తట్టలేదు. బాట లేని జాగలో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఇవ్వలేమని చెప్పాను.

"ముందలి జాగలకెళ్ళి బాట ఇడిస్తే?" అంది.

"ఇద్దరికీ అనుమతి వస్తుందమ్మా. కానీ ముందు ముక్క తగ్గిపోతుంది. అది ఎవరికొస్తే వాళ్ళు ఒప్పుకోవాలి."

"కోరుకునుడు మా మరిదిది. రాజేశం. సిరిసిల్లల బట్టలు నేసే సాంచెలు నడుపుతడు. బస్సులు సక్కగ లేక అచ్చుడైతలేదు. మీరు ఎట్లాగూ వాపసు గటే పోతున్నరట, అడుగుండ్రి. నా మాటగ మాత్రం ఏం చెప్పకుండ్రి."

బజారు వైపు జాగను ఎవరు వదులుకుంటారు? జానెడు గోడ కోసం కోర్టుకెక్కిన అన్నదమ్ములను చూసినవాణ్ణి నేను. వానలు దగ్గరపడ్డాయి. వెనక ముక్క ఈమె పాలైతే ఆ టార్పాలిన్ కిందే ఇంకో వానాకాలం గడపాలి. నాకు దిగులేసింది.

మధ్యాహ్నం రుద్రంగి దాటాక బస్సు ఆగిపోయింది. నడిరోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు పెట్టి ఊరంతా వంటా వార్పు చేస్తోంది. నేను విసుక్కుంటూ దిగాను. ఒకామె నా చేతికి విస్తరాకు ఇచ్చింది. "తొవ్వ బందు వెట్టినం గని ఆకలిని బందు వెడ్తమా సార్? తినుండ్రి" అంది. వేడి అన్నం, పచ్చిపులుసు. అంతలో పురిటినొప్పులు పడుతున్న మనిషిని తీసుకుని ఆటో వచ్చింది. ఎవరూ చెప్పకుండానే ఇద్దరిద్దరు పట్టి మరుగుతున్న గంజులను పొయ్యిల మీది నుంచి దించారు, కాళ్ళతో రాళ్ళను నెట్టేశారు. ఆటో వెళ్ళిపోయాక మళ్ళీ పొయ్యిలు పేర్చుకున్నారు. ముద్ద నోట్లోనే ఉంచుకుని చూస్తుండిపోయాను.

సిరిసిల్ల చేరేసరికి నాలుగు దాటింది. మాట వినబడటానికి రాజేశం సాంచెలు ఆపేశాడు. నేసిన గుడ్డ మీదే స్థలం నక్షా పరిచాను. అతను వెనక ముక్క మీద వేలు పెట్టాడు.

"గిది నాకు."

"దానికి బాట లేదు. ముందుది కోరుకునే హక్కు నీది, రాజేశం."

"ఎరుకనే సార్. వదినె పిల్లలతోని ఒక్కతె ఉంటది. బజారు మీద ఉంటే నలుగురి కండ్ల ముందట ఉన్నట్టు. దుబాయిల మా అన్నకు నిద్ర పడతది."

"మరి నీ ఇల్లు?"

"బాట ఇచ్చుడు ఇయ్యకపోవుడు ఆమె ఇష్టం."

వెంటనే లచ్చవ్వకు ఫోన్ చేసి, మరిది కోరుకున్నది చెప్పాను.

"మీరిట్ల పోంగనే బాటకు కొయ్యలు పాతిన సార్. ముందలి జాగలనే, ఎడమ గోడ ఎంబడి. మా మరిది ఎనుకదే కోరుకుంటడని నాకెరుక."

"ఆ మాట పొద్దున్నే చెప్పొచ్చు కదమ్మా?"

"ముందుగాల చెప్తే నేనే ఆయనను ఎన్కకు నూకినట్టయితది. ఆయనకు ఆయననే కోరుకోవాలె."

"అతను ముందుది కోరుకుని ఉంటే?"

"కొయ్యలు పీకేస్తుంటి. ఎవ్వలకు ఎరుకయ్యేది కాదు."

ఫోన్ రాజేశం చేతికిచ్చాను. "వదినె" అన్నాడు. ఫోన్ నాకిచ్చేసి పోయి సాంచెలు నడపసాగాడు.

పొద్దుగూకే వేళ కరీంనగర్ బస్సు దొరికింది. రేపు మళ్ళీ బందని కండక్టర్ చెప్పాడు. నక్షాను ఒళ్ళో పెట్టుకుని బాట గీస్తే బస్సు కుదుపులకు గీత వంకర పోయింది. జాగ చీలితే మనుషులూ చీలుతారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. బందైతే ఏం, గీత గీయడానికి బస్సులు అక్కర్లేదు. రేపు ఇంట్లోనే కూర్చుని, లచ్చవ్వ కొయ్యలు పాతిన చోటే ఆ బాటను మళ్ళీ గీస్తాను.