ప్రెసిడెంటుగారి స్టీలు బిందె

మొన్న ఎన్నికల ముందు రాజమండ్రిలో మా అపార్ట్‌మెంటు మెట్లన్నీ బిర్యానీ వాసన. కింద ఏదో పార్టీవాళ్ళు పొట్లాలు పంచుతుంటే, నెలనెలా జీతాలందుకునేవాళ్ళే "మా పై ఫ్లోరుకి ఇంకా అందలేదండీ" అని దబాయిస్తున్నారు. ఒళ్ళు మండి తలుపేసుకున్నాను.

కడియం పక్క మా ఊళ్ళో చిన్నప్పుడు ఎన్నికలంటే మాకు పండగే. కాలవలు కట్టేసిన ఎండాకాలం, నర్సరీల్లో తడిపిన ఎర్రమట్టి వాసన, ముంజలు తిని జిగటైన చేతులతో మైకు జీపు వెనక పరిగెత్తి కాగితం జెండాలు ఏరుకోవడం. ఏ పార్టీదన్నది కాదు, ఎన్ని రంగులు దొరికాయన్నదే మా గొప్ప. పెద్దవాళ్ళకి మాత్రం అది నీళ్ళ కటకట. అంత గోదావరి పక్కనున్నా మా వీధికి కుళాయి లేదు. మామ్మ, అమ్మ బడి దగ్గర నూతికి నడిచి వెళ్ళి మోసుకొచ్చేవారు.

ఆ ఏడు మళ్ళీ పోటీకి నిలబడ్డ ప్రెసిడెంటుగారు ఇంటింటికీ స్టీలు బిందె పంచారు. పొద్దుగూకుతుండగా తువ్వాలు కప్పి తెచ్చి, మా అరుగు మీద పెట్టి, ఎటో చూస్తూ, "ఉంచండి పిన్నిగారూ, మమ్మల్ని గుర్తుంచుకోండి" అన్నారు.

చింతపండు పిక్కలు తీస్తున్న మామ్మ తలెత్తి, "బిందె బాగానే ఉంది బాబూ. ఇందులోకి నీళ్ళెక్కణ్ణించి తెమ్మంటారు?" అంది.

ఆయన మొహం మాడిపోయింది. బిందె తీసుకుని వెళ్ళిపోయారు.

ఆయనే గెలిచారు. కొత్తగా వేసిన నీళ్ళ గొట్టం మా వీధి మొదట్లోనే ఆగిపోయింది. బిందెలు పుచ్చుకున్న వీధి ఆయన్ని పల్లెత్తు మాట అనకుండా మామ్మ మీద విరుచుకుపడింది. "నోరు మూసుకుని పుచ్చుకుంటే మీ సొమ్మేం పోయిందండీ?" అని ఎదురింటి సుబ్బాయమ్మగారు మాటలు మానేసి, పిల్లల్ని కూడా మా గడప తొక్కనివ్వలేదు. ఆ వేసవంతా అష్టాచెమ్మా రెండు పక్షాలూ నేనే ఆడుకున్నాను.

"పుచ్చుకోవలసిందంటావురా?" అని మామ్మ ఒకరోజు నాన్నని అడిగింది. మర్నాటి నుంచి ఆవిడ ఖాళీ ఇత్తడి బిందెతో పంచాయతీ ఆఫీసు మెట్ల మీద కూర్చోవడం మొదలెట్టింది. అరవలేదు, తిట్టలేదు. ఎవరైనా "ఏంటండీ ఇక్కడ కూర్చున్నారు?" అంటే, "నీళ్ళకండీ" అనేది. ప్రెసిడెంటుగారు కొన్నాళ్ళు పెరటి గుమ్మంలోంచి ఆఫీసుకి వచ్చారు. చివరికి వానలు పడేలోగా గొట్టం పొడిగించారు. కుళాయి తిప్పిన రోజు వీధంతా వెళ్ళి ఆయన మెళ్ళో దండలేసింది! మామ్మతో మంచిమాట ఒక్కరూ అనలేదు. ఆవిడ నీళ్ళు పట్టుకుని వచ్చి, వంటకి ఎసరు పెట్టింది.

ఇవాళ తలుచుకుంటే ఆ ప్రెసిడెంటుగారే నయమనిపిస్తుంది. ఆయనకి సిగ్గనేది ఒకటుండేది. ఇప్పుడు ఇచ్చేవాళ్ళకీ లేదు, పుచ్చుకునేవాళ్ళకీ లేదు.

పోలింగు ముందురోజు పార్టీ కండువా వేసుకున్న ఒకామె చీర పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. వద్దన్నాను.

"అయితే మీరు అవతలి పార్టీయా మేడమ్?"

"కాదమ్మా."

"మరెందుకండీ వద్దంటున్నారు?" నిజంగానే అర్థంకాక అడిగింది.

ఎక్కణ్ణించి మొదలుపెట్టి చెప్పాలా అని నేను ఆలోచిస్తుండగానే ఎదురు ఫ్లాటు తలుపు తెరుచుకుంది. రిటైరైన మేష్టారు మొహం బయటపెట్టి, "వారికొద్దంటే అది కూడా మాకే ఇచ్చెయ్యమ్మా" అన్నారు.