బిషప్పు చెయ్యి, మా అత్త పంతం

కడప దిక్కు నుంచి కోడుమూరు దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చేదాకా నా భక్తి చెల్లదని నాకెవరూ చెప్పలేదు. మా పుట్టింటి సంఘంలో బిషప్పు లేడు, పెద్దలే అన్నీ చూసుకునేవారు. పదహారో ఏట నుంచి ప్రభువు బల్ల దగ్గర, యేసు కడరాత్రి భోజనం గుర్తుగా ఇచ్చే రొట్టె తీసుకున్నదాన్ని. ఈ గుడిలో మాత్రం, బిషప్పు వచ్చి నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించనిదే రొట్టె లేదన్నారు. మా పెద్దలు చేసిన ప్రార్థన ఏ గాలికి పోయిందని నేను ఎదురు తిరిగాను. నేను ఒప్పుకోను, వాళ్లు పెట్టరు. రెండేళ్లు గుడిలో వెనకవైపు చాప మీద చిన్నపిల్లల మధ్య కూర్చున్నాను. పైకి మిడిసిపడేదాన్ని గానీ, అందరూ లేచి బల్ల దగ్గరికి పోతుంటే తల దించుకుని చాప పుల్లలు పీకుతూ ఉండేదాన్ని.

మా ఆయన ఆ గుడికి ఉపదేశి, వారంవారం వాక్యం చెప్పేవాడు. గురువు, అంటే పాదిరి, కావడానికి పరీక్షకు చదువుతున్నాడు. సాయంత్రాలు సంఘచరిత్ర పుస్తకం నా చేతిలో పెట్టి పాఠం అప్పజెప్పేవాడు. ఆయన మరిచిపోయేవాడు, నాకు వచ్చేసేది.

"తొలికాలంలో ఊరికొక బిషప్పు, ఒకటే బల్ల. ఆయన్ని కాదని వేరే బల్ల వేస్తే సంఘం చీలినట్టే," అన్నాడొకనాడు, నన్ను ఓరగా చూస్తూ.

"తర్వాతి పేజీ ఎవురు చెప్తారు?" అన్నాను.

ఆ పేజీలో ఇద్దరు బిషప్పుల కథ ఉంది. క్రీస్తు లేచిన పండగ ఏనాడు చేయాలన్న జగడం తెంపుకుందామని, వాళ్లలో ముసలాయన సముద్రం దాటి రోమాలో ఉన్న రెండో ఆయన దగ్గరికి పోయాడు. అది చదివి వినిపిస్తుంటే, జొన్నలు చెరుగుతున్న మా అత్త చాట ఆపింది.

"తెగిందా?"

"లేదత్తా. ఎవురి పట్టు వాళ్లదే. అయినా రోమా బిషప్పు తన బల్ల కాడ ఆ వచ్చినాయన చేతనే రొట్టె విరిపించినాడంట."

"మర్యాద తెలిసినోళ్లప్పా," అని మళ్లీ చాట ఎత్తింది. అంతకుమించి నాకు వత్తాసు పలకలేదు. పొయ్యి దగ్గర మాకిద్దరికీ ఏనాడూ పడలేదు మరి.

ఆ ఎండాకాలం బిషప్పుగారు జీపులో దుమ్ము లేపుకుంటూ వచ్చారు. భోజనం మా ఇంట్లోనే. కోడిపులుసు వడ్డిస్తూ ఉండబట్టలేక అడిగేశాను.

"అయ్యగారూ, ఆ రోమా బిషప్పు రొట్టె విరిపించే ముందర, వచ్చినాయన తలమీద చెయ్యి పెట్టినాడంటారా?"

మా ఆయనకు పొలమారింది. బిషప్పుగారు నవ్వారు.

"ఆయన అప్పటికే బిషప్పు గదమ్మా. రేపు నువ్వు ముందుకు రా, చెయ్యి పెడతాను. చిన్న పని."

"చిన్న పనైతే మానుకోవచ్చు గదయ్యా," అన్నాను.

మరునాడు ఆరాధనలో నేను చాప మీంచి లేవలేదు. ఆడవాళ్ల వరసను పిలిచారు. ఎప్పుడూ అందరికంటే ముందు నిలబడే మా అత్త, బల్లకు వీపు తిప్పి, వెనక్కి నడిచి వచ్చి నా పక్కన చతికిలబడింది.

"నువ్వు పో అత్తా," అన్నాను గొంతు తగ్గించి.

"బంతిలో పక్క ఇస్తరి ఖాళీగా ఉంటే ముద్ద ఎత్తే వంశం కాదు మాది," అంది గుడంతా వినేలా.

ఆమె వెనక ఇంకొకామె వచ్చి కూర్చుంది, ఆ తర్వాత వరసంతా. మా సీమలో బంతి మర్యాదంటే మర్యాదే. రొట్టె పళ్లెం పట్టుకుని బిషప్పుగారు, పక్కన మా ఆయన, బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు. నేను మా ఆయన మొహం చూడలేదు, చూస్తే నవ్వొస్తుందని.

బిషప్పుగారు ఒక రొట్టెముక్క తుంచుకున్నారు. పళ్లెం మా ఆయన చేతికిచ్చి, మెట్లు దిగి నేరుగా చాప దగ్గరికి వచ్చారు. ఎడమచెయ్యి నా తలమీద, కుడిచేత్తో రొట్టె నా అరచేతిలో. ఏది ముందో ఈనాటికీ తేలలేదు. చెయ్యి ముందని గుడిపెద్దలు, రొట్టె ముందని నేను. ఆ మాటే అక్కడే బిషప్పుగారిని అడుగుదామని నోరు తెరిచాను. రెండేళ్ల ఆకలీ ఒక్కసారి తన్నుకొచ్చి, వెక్కివెక్కి ఏడ్చాను.

మా అత్త మోచేత్తో పొడిచింది.

"ఏడ్సింది సాలు గానీ, ముందు మింగుమ్మే. నీ ఎనకాల శానామంది ఉండారు."