పళ్ళెంలో మిగిలిన గాజులు

మొన్న మా వీధి కేబుల్ తంబి పాత పెట్టె తీసి కొత్తది బిగిస్తుంటే, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఆ చరిత్ర ఛానెల్ ఒక్కటి నాకు తెలుగులో మళ్ళీ కావాలి, ఎంతైనా అడుగు, బేరమాడను అన్నాను. అతను చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. "అణ్ణే, ఒడంబు సరియిల్లియా?" అన్నాడు, నాకు ఒంట్లో బాగాలేదేమోనని నిజంగానే భయపడి. మదురైలో గాజుల కొట్లోనే పుట్టి పెరిగి, కొత్తిమీర కట్ట కోసం కూడా రెండుసార్లు వెళ్ళిపోతున్నట్టు నటించే మనిషి నోట ఆ మాట వస్తే ఎవరైనా భయపడాల్సిందే. తరువాత మెల్లగా చెప్పాడు, ఆ ఛానెల్లో తెలుగు గొంతు ఇప్పుడు మా వైపు రాదట, అడిగే నాథుడే లేడట, కోటలూ రాజులూ కావాలంటే అన్నీ ఫోన్లోనే ఉన్నాయట. సరేనన్నాను. ఫోన్లో దొరికేదైతే ఇన్నేళ్ళు నేనెందుకు వెతుక్కుంటాను?

మా పెద్దలు గాజుల మలారాలు భుజాన వేసుకుని, ఊరూరా ఆడవాళ్ళ చేతులకు గాజులు తొడుగుతూ, ఏనాడో ఉత్తరాన్నుంచి దిగివచ్చారని మా ఇంట్లో చెప్పుకుంటారు. వాళ్ళు రాత్రి తలదాచుకున్న మజిలీలు పద్దెనిమిది. ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, మొదటి శుక్రవారం పొద్దున, అమ్మవారి ముందు పళ్ళెంలో పద్దెనిమిది గాజులు పోసి, ఇంటికి పెద్దవాడు ఒక్కొక్క మజిలీ పేరు చెబుతూ ఒక్కొక్క గాజునూ ఎర్రదారానికి గుచ్చాలి. వాటిని తరువాత ఇంటి ఆడవాళ్ళు తొడుక్కుంటారు. పేరు చెప్పి గుచ్చని గాజు ఎవరి చేతికీ ఎక్కకూడదు, పేర్లు కాగితం మీద పెట్టకూడదు. పెట్టాలన్నా మాకు తెలుగు అక్షరాలు ఎక్కడివి, బడిలో నేర్చిందంతా తమిళమే కదా. ఇదిగో ఈ నాలుగు ముక్కలు రాసుకునే అక్షరాలు కూడా నేను నాయన పోయాక, అరవయ్యో ఏట, పాత పుస్తకాలు తూకానికి కొనుక్కుని నేర్చుకున్నవే.

నాయన గాజు గుచ్చుతుంటే చూడాలి. కొట్లో ఆడబిడ్డ చెయ్యి చాచకముందే కొలత చెప్పేసే ఆ వేళ్ళు, అమ్మవారి ముందు మాత్రం ఎంతో తీరిగ్గా కదిలేవి. కానీ ఆడి నెల అంటే మీకు తెలిసిందే, ఊరంతా తళ్ళుపడి, తగ్గింపు ధరల గోల, సగం ధరకు ఇస్తామని బోర్డు పెట్టకపోతే కొట్టు ముందు కాకి కూడా వాలదు. పొద్దున్నే షట్టరు ఎత్తకపోతే గిరాకీ ఎదురు కొట్టుకు పోతుందని నా ప్రాణం కొట్టుకునేది. మజిలీల్లో తొమ్మిదోది పాలారు ఒడ్డు. ఏరు దాటేదాకా నిలబడి, దాటగానే చెప్పులు వెతుక్కుంటూ జారుకునేవాణ్ణి. ఏటా అంతే. కాగితం మీద పెట్టకూడదన్నా పెడుతున్నాను, యర్రమిట్ట, దొడ్లబావి, కంచరపాళెం, ఇట్లా మొదటి తొమ్మిదీ నాకు నిద్రలో లేపినా వచ్చు. ఏటికి ఈవల మావాళ్ళు ఎట్లా నడిచారో వినడానికి నాకు తీరిక లేకపోయింది. ఎక్కడికి పోతాయి, నాయన నోట్లో ఉన్నాయి కదా అనుకున్నాను. గిరాకీని నమ్మనివాణ్ణి, మనిషి ఆయుష్షును నమ్మాను.

నాయన కొట్టుకు రావడం మానేశాక మతిమరుపు మొదలైంది. మందు వేసుకున్నాడో లేదో, తిన్నాడో లేదో గుర్తుండేది కాదు. ఆ రోజుల్లోనే, రిమోటు ఎట్లా నొక్కాడో ఏమో, ఆ చరిత్ర ఛానెల్లో తెలుగు గొంతు పట్టుకున్నాడు. మా వీధిలో అందరూ తమిళంలో చూసేదాన్ని మా ఇంట్లో మాత్రం తెలుగులో వినేవాళ్ళం. మొదట్లో నవ్వుకునేవాడు, "ఇదేం తెలుగురా, ఇస్త్రీ చేసిన మాదిరి ఉండాది, ముట్టుకుంటే నలిగిపోతాది" అని. ఆనక మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్ళద్దాలు తుడుచుకుని కూర్చునేవాడు. దక్షిణాది కోటల మీద వరసగా ఏదో వచ్చేది. గండికోట, పెనుకొండ, చంద్రగిరి, కొన్నాళ్ళకు సెంజి. వాళ్ళు కోట పేరు చెప్పగానే నాయన టీవీకి బదులు చెప్పినట్టు తనలో తానే ఏదో గొణిగేవాడు. ఏమి నాయనా అంటే, మన పెద్దోళ్ళు కోటలోకి పోలేదు, కోట నీడలో అమ్ముకుని పోయినారు, ఆ ఊర్ల పేర్లు వీళ్ళకు తెలీదు పాపం, నేను చెప్తా ఉండా అనేవాడు. నేను నవ్వి కొట్టుకు పోయేవాణ్ణి. సాయంత్రం ఇంటికి వస్తే సంబరంగా చెప్పేవాడు. "మనోళ్ళు వస్తా ఉండారురా. ఈ పొద్దు చంద్రగిరి దాటినారు."

ముసలాయన టీవీతో మాట్లాడుతున్నాడనుకున్నాను. ఆ కోటల పేర్లను ఊతకర్రలుగా పట్టుకుని, జారిపోతున్న మజిలీలను ఒక్కొక్కటే ఏరుకుంటున్నాడని నాకు తట్టలేదు.

సరిగ్గా అప్పుడే నా బేర ప్రతాపం బయటపడింది. కేబుల్‌కు కొత్త పెట్టెలు వచ్చాయి, ఏ ఛానెల్ కావాలో మనమే ఏరుకోవాలి. ఇప్పుడొచ్చిన తంబికి చిన్నాయన అప్పుడు లైను చూసేవాడు. ఇంటామెకు రెండు సీరియల్ ఛానెళ్ళు కావాలి, మనవరాలికి బొమ్మలది కావాలి. ఒక పూటంతా వాదించాను, ఎదురు కొట్టువాళ్ళ లైనుకు మారిపోతానని బెదిరించాను, కాఫీ తాగించాను. చివరికి విసిగిపోయి అతను, ఒకటి వదులుకోండి, మీరడిగిన మూడూ ఇస్తానన్నాడు. ఏది వదలాలని నేను ఎక్కువసేపు ఆలోచించలేదు. ముసలాయనకు ఎదురుగా ఏదో ఒకటి కదులుతుంటే చాలదా? ఒకటిచ్చి మూడు తెచ్చానని ఇంటామె ముందు మీసం తిప్పాను కూడా. ఆమె మాత్రం, మామను ఒక మాట అడగాల్సింది అంది.

ఆ మధ్యాహ్నం నాయన ఎప్పటి అంకె నొక్కితే పిల్లి బొమ్మ ఎలకను తరుముతూ వచ్చింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ పిల్లే. నా వైపు తిరిగి, "మనోళ్ళు ఆడనే నిలిచిపోయినారా?" అని అడిగాడు. లైను రిపేరు నాయనా, రేపొస్తుంది అన్నాను. మర్నాడూ అదే చెప్పాను. అట్లా ఎన్ని రేపులు చెప్పానో. నేను కొట్లో చెప్పిన అబద్ధాలకు లెక్క లేదు, కానీ వాటిని నమ్మినవాళ్ళెవరూ మర్నాడు మళ్ళీ వచ్చి అంత ఆశగా కూర్చోలేదు.

ఆడి శుక్రవారం వచ్చింది. నాయన దారం అందుకుని తొమ్మిది గాజులూ తడబడకుండా గుచ్చాడు. పదోది వేళ్ళ మధ్య పట్టుకుని ఆగిపోయాడు. నేను అప్పటికే గడప దగ్గర ఒక చెప్పు తొడుక్కుని ఉన్నాను. నాయన తల తిప్పి అమ్మవారిని కాదు, గోడవారన ఆరిపోయి ఉన్న టీవీని చూశాడు. చూస్తూనే ఉన్నాడు. "ఇంగ వాళ్ళు చెప్పాల" అన్నాడు. గాజు జారి పళ్ళెంలో పడి చిన్నగా చప్పుడైంది.

ఆ చెప్పు విడిచి, వట్టి కాళ్ళతో కేబుల్ ఆఫీసుకు పరుగెత్తాను. జీవితంలో మొదటిసారి అడిగిన ధర అడిగినట్టు ఒప్పుకున్నాను. మధ్యాహ్నానికల్లా ఛానెల్ వచ్చింది, తెలుగు గొంతూ వచ్చింది. కానీ కోటలు రాలేదు. ఆ వరస ఎప్పుడో అయిపోయిందట. దాని చోట ఎవరో తెల్లవాళ్ళు, ఒక కొట్లో బల్లకు అటూ ఇటూ నిలబడి, తాతల నాటి గడియారాన్ని మధ్యన పెట్టుకుని, అదే ఇస్త్రీ తెలుగులో బేరమాడుతున్నారు. నాయన చాలాసేపు చూశాడు. చరిత్ర ఇదేనా అని అడగలేదు. బల్ల వెనకాల పొట్ట మీద చేతులు కట్టుకుని, పెదవి విరుస్తూ ధర తగ్గిస్తున్న మనిషిని చూపించి, "వీడు నీ మాదిరే ఉండాడురా" అన్నాడు. కోపంగా కాదు, చుట్టాన్ని గుర్తుపట్టినంత ప్రేమగా.

ఆ తరువాత రోజూ పక్కన కూర్చుని, సెంజి నాయనా, సెంజి తరువాత ఏ ఊరు, అని నేనే అడిగేవాణ్ణి. నా గొంతు విని ఒక్క ఊరి పేరూ ఆయన నోట పలకలేదు. మళ్ళీ ఆడి రాకముందే నాయన పోయాడు.

పోదనూరులో ఉన్న మా అత్త, నాయన చెల్లెలు, ఆమెకైనా తెలుసేమోనని రైలెక్కి పోయాను. పెళ్ళికాకముందు వంటింటి గుమ్మం వెనకాల నిలబడి విన్నదట, ఒక్కటి చెప్పగలిగింది, ఎద్దు పడిన బాట. అది పదకొండోదో పదిహేనోదో మాత్రం తెలియదంది. మగపిల్లలు మీరు ముందర నిలబడి వింటిరి గదరా, నన్నడిగితే ఎట్లా అని తిరిగి నన్నే అడిగింది. చివరి మజిలీ మదురై, మా వీధి, అది ఎవరికైనా తెలిసిందే.

కొట్టు ఇప్పుడు మా మేనల్లుడు చూస్తున్నాడు. గాజులు పెట్టెల్లో వస్తాయి, కొలత అంకెల్లో ఉంటుంది, చెయ్యి చూసి చెప్పేవాడితో పని లేదు. ఆడి శుక్రవారం నాడు ఇప్పుడు నాకు కావలసినంత తీరిక. తొమ్మిది గుచ్చి, అత్త చెప్పినదొకటి గుచ్చి, మదురై గుచ్చుతాను. పళ్ళెంలో ఏడు మిగులుతాయి. ఎవరి చేతికీ ఎక్కకూడదు గనుక ఒక బిస్కెట్ డబ్బాలో దాచిపెడుతున్నాను, ఏడాదికి ఏడు. ఈ ఏడాది మూత పట్టలేదు. కోడలు, ఇంకో డబ్బా తెమ్మంటారా మామా అని అడిగింది.

కొత్త పెట్టె బిగించి తంబి వెళ్ళిపోయాక పాత అంకె నొక్కి చూశాను. ఏదీ రాలేదు, పిల్లి కూడా. నీలం తెర ఒక్కటే. ఏ కోట కథైనా, ఏ భాషలోనైనా, ఏ వేళనైనా వినగలిగే కాలం ఇది. దానికి బదులు చెప్పే మనిషే మా ఇంట్లో లేడు. మావాళ్ళు మాత్రం ఇంకా పాలారు ఒడ్డునే ఉన్నారు, మలారాలు భుజాన్నుంచి దించకుండా, అవతలి ఊరి పేరు ఎవరైనా చెబుతారేమోనని.