లోదోకి రెండోసారి పెట్టిన కళ్లు

మా దుమ్కా వైపు పల్లెల్లో చనిపోయినవాళ్లకు చూపు తెప్పించే బాధ్యత చిత్రకారులది. పోయిన మనిషి బొమ్మ గీసి, కనుపాపలు మాత్రం పెట్టకుండా ఆ ఇంటికి పట్టుకెళతారు. పాపలు పెట్టేదాకా ఆ మనిషి పైలోకపు దారిలో తడుముకుంటూ తిరగాల్సిందే. ఇంటివాళ్లు ఓ కంచుగిన్నె ఇస్తారు. చిత్రకారుడు కుంచెతో రెండు చుక్కలు పెడతాడు. పోయినాయన తన దారిన తాను పోతాడు.

అనుకూల్ చిత్రకార్ ఈ వృత్తిలో ఏడోతరం వాడు, సినిమాలు తీయడంలో మొదటితరం వాడు. అతని చిన్న సినిమాలు రెండు కలకత్తాలో ఆడాయి. వాటిలో మా మేకల నటనకు మంచి పేరొచ్చింది.

మూడోదానికి మాయినో హెంబ్రమ్ వాకిలి ఎంచుకున్నాడు. ఆమె భర్త లోదో తాటిచెట్టు మీంచి పడి చనిపోయి పన్నెండు రోజులైంది. అనుకూల్ కెమెరా నిలబెట్టి, కంచుగిన్నె పుచ్చుకుని, బొమ్మకు పాపలు పెట్టాడు. "ఇంక వెళ్లు," అంది మాయినో. సరిగ్గా అప్పుడే కోడిపెట్ట ఒకటి కెమెరా ముందు నుంచి తీరుబడిగా నడిచిపోయింది. అనుకూల్ తెల్లరంగుతో పాపలు రెండూ కప్పేశాడు.

"ఏం చేశావురా?"

"కోడి అడ్డొచ్చింది పెద్దమ్మా. ఇంకోసారి తీద్దాం."

"కోడి అడ్డొస్తే ఆయన కళ్లు పీకుతావా? ఇప్పుడేగా బయల్దేరాడు, సగం దారిలో ఉంటాడు!"

రెండోసారి పాపలు కుదిరాయి. కోడి సహకరించింది.

శనివారం మాయినో ఆ సినిమా చూడడానికి అనుకూల్ ఇంటికొచ్చింది. తెరమీద లోదో కళ్లు తెల్లగా ఉన్నంతసేపూ బయటి గోడను ఎవరో అరచేత్తో తడుముతున్న చప్పుడు. పాపలు పడగానే ఆగిపోయింది. వెళ్లి చూస్తే, గోడ పొడవునా తడి వేలిముద్రలు.

"నువ్వు దీన్ని ఆడించినప్పుడల్లా గుడ్డివాడై వెనక్కొస్తున్నాడు," అంది మాయినో.

అనుకూల్ లోపలికొచ్చి యంత్రం ఆపేశాడు. "చెరిపెయ్యమంటావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "మళ్లీ వెయ్యి."

అది మొదలు ప్రతి శనివారం కొంగులో మరమరాలు కట్టుకుని వచ్చేది. తెర వైపు కాక గోడ వైపు తిరిగి కూర్చునేది. పదకొండు నిమిషాల సినిమా ఏడో వారానికి పద్నాలుగైంది. తెరమీద కుంచె బొమ్మ ముందు ఆగిపోయి ఎదురుచూసేది.

"యంత్రం పాతబడింది పెద్దమ్మా."

"యంత్రం కాదురా. ఆయనకు దూరం ఎక్కువవుతోంది."

కలకత్తా నుంచి పిలుపొచ్చింది: నాలుగు ఆటలు, పెద్ద హాలు. అనుకూల్ ఆ వార్త చెప్పిన శనివారమే మాయినో గోడ దగ్గరికి వెళ్లి, నిలబడిపోయింది. ఈసారి ముద్రలు తడిగా లేవు. ఎర్రగా ఉన్నాయి.

"తడిమీ తడిమీ వేళ్లు అరిగిపోయాయి," అంది. "చెరిపెయ్యి బాబూ."

"వాళ్లకు మాటిచ్చాను పెద్దమ్మా. మళ్లీ ఇలాంటి పిలుపు రాదు."

"నా గిన్నె పుచ్చుకున్నప్పుడు నాకూ మాటిచ్చావు."

అనుకూల్ ఆమె ఎదుటే సినిమా మొత్తం చెరిపేశాడు. "ముఖ్యపాత్రధారి ఇక ప్రయాణం చేయగల స్థితిలో లేరు" అని కలకత్తాకు ఉత్తరం రాశాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

మాయినో ఇప్పటికీ శనివారాలు వస్తుంది. గోడ శుభ్రంగా ఉందో లేదో చూస్తుంది. ఉంటుంది. సగం మరమరాలు తిని, మిగతా సగం గోడ పక్కన పెట్టి, ఆ గోడను అరచేత్తో తడుముకుంటూ ఇంటికి వెళుతుంది.