మామ మింగిన బట్ట

యోగం గొప్పదని ఇప్పుడు అందరూ అంటుంటే నేను కాదనను. నా ఊపిరి నిలబడింది దానివల్లే. కానీ ఆ మాట వినగానే నాకు ముందు గుర్తొచ్చేది తెమడ పట్టిన బట్ట.

నిజాం పాలన పోయిన కొన్నేళ్ళకు మంథనికి కాపురానికి వచ్చాను. కచేరీలో నౌకరీ చాలించిన మా మామ, నాందేడ్ వైపు నుంచి వచ్చిన ఒక సాధువు దగ్గర యోగం నేర్చుకున్నారు. తెల్లవారగానే వాకిట్లో పీట వేసుకుని, నాలుగు వేళ్ళ వెడల్పు, పదిహేను మూరల పొడవున్న గుడ్డను ఉప్పునీళ్ళలో తడిపి కొంచెం కొంచెంగా మింగేవారు. కాసేపాగి మళ్ళీ బయటికి లాగేవారు. దాంతోపాటు తెమడ, పసరు, రాత్రి తిన్న జొన్నరొట్టె తునకలు వచ్చేవి. దీన్ని ధౌతి అంటారట, కడుపు శుద్ధి అవుతుందట. శుద్ధి ఆయనకు, ఉతుకుడు నాకు. వేళ్ళకు చుట్టుకుని సాగే ఆ జిగురు తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సయించదు.

అంతటితో అయిందా? ఆయన్ని చూసి ఊళ్ళో పెద్దమనుషులు నలుగురు శిష్యులుగా చేరారు. సాధన చేసినచోటే గుడ్డ ఉతికి ఆరేయాలన్నది మామ పెట్టిన నియమం. అవి కూడా నా బండ మీదికే వచ్చాయి.

నాకు పెళ్ళికి ముందు నుంచే దమ్ము, అదే ఉబ్బసం. పొయ్యి పొగకు గొంతులో పిల్లికూతలు లేచేవి. గోదావరి నుంచి నీళ్ళబిందె తెస్తూ రెండుచోట్ల కూలబడేదాన్ని. నన్ను పుట్టింట్లో దిగబెట్టి కొడుక్కి ఇంకో పిల్లను చూడాలని ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో కోడలు మామ ఎదుట నోరు విప్పదు. నాకూ యోగం నేర్పమని అత్తచేత అడిగించాను.

"పిల్ల గూడ కూసుంటదట. దానికి దమ్మున్నది గదా," అన్నది అత్త.

"ఆడోళ్ళకు యోగమేంది? వాకిలూడ్చి నీళ్ళు మోస్తే గదే ఆసనం," అన్నారు మామ. శిష్యులు నవ్వారు, మూతులకింకా తెమడ అంటుకునే ఉంది.

చూడొద్దని మాత్రం ఎవరూ అనలేదు. గుడ్డలు పిండుతూ చూశాను. వెన్ను నిలబెట్టి కూర్చోవడం, ఒక ముక్కుతో పీల్చి రెండోదాంతో నెమ్మదిగా వదలడం. బర్రెల కొట్టంలో తలుపు దగ్గరికేసుకుని రోజూ చేసేదాన్ని. బట్ట మింగే జోలికి పోలేదు. మూడు నెలలకు బిందె ఎక్కడా దించకుండా ఇంటికి రాగలిగాను. పిల్లికూతలు తగ్గాయి. ఎప్పుడు ఊపిరాగుతుందోనన్న బుగులు పోయి మనసు కుదుటపడింది.

మామ అది గమనించారు. "చూసిండ్రా? నా గుడ్డలు పిండుడుతోనే కోడలు దమ్ము పోయింది," అని శిష్యులకు చెప్పారు. రోత పుట్టింది. అయినా మాట్లాడలేదు. కొట్టం సంగతి తెలిస్తే అదీ మాన్పిస్తారు.

మర్నాడు ఒక శిష్యుడు తన కోడల్ని తోలుకొచ్చాడు. పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో. గడప దాటేసరికే ఎగపోస్తోంది. ఆమెను నా బండ దగ్గర కూర్చోబెట్టి గుడ్డల కుప్ప ముందేశారు. మొదటి గుడ్డ పట్టుకోగానే డోకొచ్చి పక్కకు తిరిగింది. కళ్ళు తుడుచుకుని నన్ను మెల్లగా అడిగింది.

"అక్కా, నిజంగనే తగ్గుతదా?"

మామ దూరంగా పీట మీద కళ్ళు మూసుకుని ఉన్నారు. నేనేం చెప్పినా వినబడదు. కానీ ఎన్నో నెలల తర్వాత ఆ పొద్దున నా చేతులకు జిగురు అంటలేదు.

"తగ్గుతది, పిండు," అన్నాను.

ఆ పిల్ల నెల రోజులు పిండింది. తర్వాత రాలేదు. దమ్ము తగ్గలేదని పుట్టింట్లో దిగబెట్టి వచ్చారట.

"దానికి శ్రద్ధ లేదు," అన్నారు మామ. ఆ ముఖం మీద ఉమ్మాలనిపించింది. కానీ ముందు ఉమ్మాల్సింది నా ముఖం మీద.