ఆక్సిజన్ మిషన్‌కు వేసిన తాళం

మా ఆసుపత్రి కాన్పుల గది కిటికీలోంచి చూస్తే కరెంటు తయారుచేసే ప్లాంటు పొగగొట్టాలు కనిపించేవి. ఆరేసిన గుడ్డల మీదంతా దాని బూడిదే. కరెంటు మాత్రం మాకు చుట్టపుచూపుగా వచ్చేది. వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువై వచ్చేది. మా మొదటి ఆక్సిజన్ మిషన్ అలాగే కాలిపోయింది. ఎందుకు కాలిందని పైవాళ్లు మా డాక్టరుగారి ప్రాణం తోడేశారు. రెండో మిషన్ రాగానే ఆయన దాన్ని స్టోరు గదిలో పెట్టించి తాళం వేశారు. తాళంచెవి ఆయన జేబులో, ఆయనేమో వారంలో సగం రోజులు ఇంకో ఊరి ఆసుపత్రిలో. వాడకపోతే కాలదు కదా! నేను అక్కడ నర్సుని. ఎంత మొత్తుకున్నా గోడకు చెప్పినట్టే అయింది.

ఆ మధ్యాహ్నం, పుట్టింటికి కాన్పుకొచ్చిన అమ్మాయికి మగబిడ్డ పుట్టాడు. ఏడవలేదు. రబ్బరు సంచితో గాలి కొట్టగా కొట్టగా సన్నగా మూలిగాడు గానీ పెదాలు నీలంగానే ఉన్నాయి. సిలిండరు ఖాళీ. అంబులెన్సు వేరే కేసుతో రాయచూరు వెళ్లింది. తలమీద ఫ్యాను దర్జాగా తిరుగుతోంది. కరెంటు ఉంది, మిషన్ ఉంది, మధ్యలో తాళం.

ఒక చేత్తో సంచి నొక్కుతూనే డాక్టరుగారికి ఫోన్ చేశాను.

"తాళం పగలగొట్టకు సిస్టర్. మళ్ల నాకే నోటీసిస్తరు. బయల్దేరిన, వస్తున్న."

"మీరొచ్చేదాంక బిడ్డ ఆగుతడా సార్?"

ఫోన్ పెట్టేశాను. పక్కనే నిలబడ్డ బిడ్డ అమ్మమ్మ నా కొంగు పట్టుకుంది.

"సిస్టరమ్మా, మా అల్లుడు ఆ ప్లాంట్లనే బూడిద ఎత్తుతడు. షిఫ్టు అయ్యేదాంక గేటు దాటనియ్యరంట. నువ్వే ఏమన్న జెయ్యి."

నాకు ఒళ్లు మండింది. సంచి ఎలా నొక్కాలో ఆమెకు చూపించి, పెరట్లోంచి గుండ్రాయి తెచ్చి తాళం పగలగొట్టాను. మిషన్ తెచ్చి పెట్టాక కాసేపటికి పెదాలు ఎర్రబడ్డాయి.

"సూడు, అచ్చం మా అల్లుని మూతే," అని అమ్మమ్మ నవ్వింది.

అంతలోనే కరెంటు పోయింది.

మళ్లీ సంచి అందుకున్నాను. చేతులు పడిపోతున్నా నొక్కుతూనే ఉన్నాను. కిటికీ అవతల పొగ ఎప్పట్లాగే లేస్తోంది. డాక్టరుగారు తాళంచెవి చేత్తో పట్టుకుని వచ్చేసరికి బిడ్డ లేడు. ఆయన ఆ చిన్న గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు తియ్యలేదు. ఆయన్ని కడిగిపారేద్దామనుకున్నదాన్ని, ఆ ముఖం చూశాక బిడ్డకు గుడ్డ చుట్టే పనిలో పడ్డాను.

సిలిండరు అడిగితే నెలలు పట్టే ఆసుపత్రికి కొత్త తాళం ఆ వారంలోనే వచ్చింది, పాతదానికంటే పెద్దది. తాళంచెవి మళ్లీ ఆయన జేబులోకే వెళ్లింది.

ఊడ్చే ఆమె గుండ్రాయిని పెరట్లో పడేయబోతే వద్దని కాన్పుల బల్ల కింద పెట్టించాను. తాళానికైతే అది పనికొస్తుంది. కరెంటు పోతే మళ్లీ నా చేతులే గతి.